టీముకు నాలుగేళ్లు, పిల్లలకు ఎన్నేళ్లు?

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. నేను రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. మా స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంది, అంటే పిల్లలు సొంతంగా వస్తువులు తయారుచేసి నేర్చుకోవడానికి కేంద్ర ప్రభుత్వం సాయంతో పెట్టిన ల్యాబ్. ఏడో తరగతి పిల్లలు ఎనిమిది మందితో ఫస్ట్ లెగో లీగ్ పోటీకి టీము పెట్టాం, లెగో ముక్కలతో రోబో కట్టి టేబుల్ మీద పనులు చేయించే పోటీ అది. మొదటి ఏడాది మా రోబో టేబుల్ మీద సగం దూరం వెళ్లి ఆగిపోయింది. అయినా తిరుగు బస్సులో పిల్లలు తెల్లారేదాకా పాటలు పాడారు. ముగ్గురు మానేశారు, రెండో ఏడాది ఇద్దరు కొత్తగా చేరారు. ఆ ఏడాది రీజినల్‌లో బ్రేక్‌త్రూ అవార్డు వచ్చింది. మూడో ఏడాది ఇంకొకరు చేరారు, నేషనల్స్‌కి వెళ్లాం. సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు.

ఇది నాలుగో సీజన్. మొదటి నుంచీ ఉన్న ఐదుగురూ పదో తరగతికి వచ్చేశారు, వాళ్లను ఇక వదలరు. వాళ్ల స్థానంలో ఐదుగురు కొత్తవాళ్లు వచ్చారు. పోయినేడాది ఈ సమయానికి వచ్చిన పాయింట్లలో ఇప్పుడు సగం కూడా రావడం లేదు. మా కరస్పాండెంట్ గారు, "నాలుగేళ్ల అనుభవం ఉన్న టీము, ఈసారి నేషనల్స్ దాటాలి" అంటున్నారు. తల్లిదండ్రులదీ అదే మాట. కిందటి వారం ఒక అమ్మాయి ఎడమ మోటారు కేబుల్‌నీ కుడి మోటారు కేబుల్‌నీ తారుమారు చేసి పెట్టింది. ముందుకు వెళ్లాల్సిన రోబో వెనక్కి వెళ్లి గోడకు గుద్దుకుంది. రెండు రోజులు కూర్చుని కట్టిన భాగం ఊడి ముక్కలైపోయింది. నేను అందరి ముందూ "పోయినేడాది వాళ్లు ఒక్కసారైనా ఇలా చేశారా?" అనేశాను. ఆ అమ్మాయి మూడు రోజులుగా ల్యాబ్‌కి రావడం లేదు. కొత్త పిల్లల నుంచి ఎంత ఆశించాలి? పాతవాళ్ల నుంచి ఎంత? నాకు పాలుపోవడం లేదు.

ఇంకో సంగతి. నర్సాపురం వైపు ఒక స్కూలు ఈ ఏడాదే టీము పెట్టింది. వాళ్ల సైన్స్ టీచరు గారు పంటు (గోదారి దాటించే పడవ) ఎక్కి మా స్కూలుకు వచ్చి సాయం అడిగారు. మా మేనేజ్‌మెంట్‌కు ఇష్టం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం:

మాస్టారూ, ఈ సాయంత్రం ఆ అమ్మాయి ఇంటికి వెళ్లండి. ఫోన్‌తో సరిపెట్టకండి. "ఆ కేబుల్ ఎవరైనా తారుమారు చేస్తారమ్మా, నేను అలా అనకూడదు" అని ఆ పిల్లకీ, వాళ్ల ఇంట్లోవాళ్లకీ చెప్పండి. మీరు అందరి ముందూ అన్నారు కాబట్టి మర్నాడు ల్యాబ్‌లో అందరి ముందూ ఇదే మాట మళ్లీ చెప్పండి. మిగతా ఉత్తరం ఆ తర్వాత చదువుకున్నా ఫరవాలేదు.

ఇక మీ కరస్పాండెంట్ గారు చెప్పిన "నాలుగేళ్ల అనుభవం" సంగతి. మీ ఉత్తరంలో వివరాలన్నీ ఉన్నాయి కాబట్టి నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. ఒక పిల్లవాడు పూర్తిచేసిన ఒక్కో సీజన్‌కు ఒకటి చొప్పున వేసుకుందాం. మొదటి ఏడాది అందరూ కొత్తే, సున్నా. రెండో ఏడాది, మిగిలిన ఐదుగురికి ఒక్కొక్కటి, మొత్తం 5. మూడో ఏడాది, ఆ ఐదుగురికి రెండేసి చొప్పున పది, ఇద్దరికి ఒక్కొక్కటి, మొత్తం 12. నేషనల్స్‌కి వెళ్లింది ఆ 12తో. ఈ ఏడాది ఆ ఐదుగురూ లేరు. మిగిలినవాళ్లలో ఇద్దరికి రెండేసి సీజన్లు, ఒకరికి ఒకటి, కొత్తవాళ్లకు సున్నా. మొత్తం మళ్లీ 5.

అంటే మీ ఎదురుగా ఇప్పుడు నిలబడి ఉన్నది నాలుగో ఏటి టీము కాదు. రెండో ఏడాదిలో మీకు ఎంత అనుభవం ఉందో అంతే ఉన్న టీము. కాబట్టి ఈ నెల పాయింట్లను పోయినేడాది ఇదే నెల పాయింట్లతో పోల్చకండి. రెండో ఏడాది ఇదే నెలలో ఎంత వచ్చిందో మీ పాత పుస్తకాల్లో వెతకండి. దానికన్నా ఇప్పుడే కాస్త మెరుగ్గా ఉన్నారని తేలినా నేను ఆశ్చర్యపోను, ఎందుకంటే ఈసారి రెండేసి సీజన్లు చూసినవాళ్లు ఇద్దరున్నారు.

మన దగ్గర ఇది తప్పించుకోలేని సంగతి. ఈ పోటీలో 16 ఏళ్ల దాకా ఆడొచ్చు. కానీ మన జిల్లాల్లో పదో తరగతి అనేసరికి ఆట, పాట, ల్యాబ్ అన్నీ బంద్. తర్వాత ఇంటర్, హాస్టల్, ఈఏపీసెట్ (పాత ఎంసెట్). పిల్లవాడికి చేతికి పని పట్టుబడే సరికి ఇంట్లోవాళ్లు చెయ్యి పట్టుకుని తీసుకుపోతారు. నేను దీన్ని మంచిదని అనను. పదో తరగతి పిల్లలకు వారానికి ఒక గంట ల్యాబ్ ఇస్తే మార్కులు ఎక్కడికీ పోవని నా నమ్మకం, వీలైతే మీ హెడ్ మాస్టర్ గారితో ఆ ఒక్క గంట గురించి మాట్లాడి చూడండి. ఏమైనా, పై దేశాల్లోనూ చిక్కు ఇలాంటిదే. ఇదే సంస్థ, అంటే అమెరికాలో డీన్ కామెన్ 1989లో మొదలుపెట్టిన ఫస్ట్, హైస్కూలు పిల్లలకు పెద్ద రోబోలతో ఇంకో పోటీ నడుపుతుంది. అందులో టీముకు ఇచ్చిన నంబరు చూసి ఈ టీము పాతది, ఇది కొత్తది అని ఇట్టే చెప్పేస్తారు. నంబరు ఏళ్ల తరబడి అదే ఉంటుంది, హైస్కూలు నాలుగేళ్లలో పిల్లలు మాత్రం మొత్తం మారిపోతారు. బయటివాళ్లు నంబరును చూసి ఆశపడతారు. లోపల ఉన్నవాళ్లకు తెలుసు, ఈ ఏడాది తీగ ఒలవడం వచ్చినవాళ్లు ఎందరో.

మరి నాలుగేళ్ల అనుభవం ఎవరిది మాస్టారూ? మీది. టీములో నాలుగో సీజన్‌కు వచ్చిన మనిషి మీరొక్కరే.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించమని అడుగుతున్నాను. మొదటి ఏడాది కేబుల్ తారుమారైతే మీరు కోప్పడి ఉండరు. ఎందుకంటే అప్పుడు మీకూ తెలియదు. ఎనిమిది మంది పిల్లలూ మీరూ కలిసి రోబో చుట్టూ నేల మీద కూర్చుని, ఇది వెనక్కి ఎందుకు పోతోందా అని అరగంట వెతికి ఉంటారు. దొరికినప్పుడు అందరూ ఒకేసారి కేకేసి ఉంటారు. ఆ అరగంటలోనే పిల్లలకు ఒక విషయం పూర్తిగా అర్థమైంది: రెండు మోటార్లు రోబోకు అటొకటి ఇటొకటి ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి, ముందుకు పోవాలంటే ఒకటి ఇటు, ఇంకొకటి అటు తిరగాలి, కేబుళ్లు మారితే రెండూ వెనక్కి తిరుగుతాయి. ఈ ఏడాది అదే తప్పు జరిగినప్పుడు మీకు చూడగానే తెలిసిపోయింది. మీకు తెలిసిపోయింది కాబట్టి అది మీ కంటికి అజాగ్రత్తలా కనిపించింది. ఆ అమ్మాయికి మాత్రం అది మొదటిసారి. పాతవాళ్లకు దొరికిన అరగంట ఆమెకు దొరకలేదు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చెప్పి రిటైరయ్యాక, పాలకొల్లు దగ్గర ఒక స్కూలు టీముకు ఆరు సీజన్లు కోచ్‌గా ఉన్నాను. నాలుగో సీజన్‌లో నేను ఒక కుర్రాడి చేతిలోంచి రోబో లాక్కుని నేనే సరిచేశాను, టైమ్ లేదని. రోబో బాగా నడిచింది. ఆ కుర్రాడు ఆ తర్వాత ఏ పార్టు ముట్టుకోవాలన్నా ముందు నా ముఖం చూసేవాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. సీజన్ అంతా ఆ అలవాటు పోలేదు.

అనుభవంతో ఆశలు పెరగాలా, తగ్గాలా అన్నది మీ అసలు ప్రశ్న. నేను గమనించింది చెబుతాను. మొదటి ఏడాది టీము దగ్గరికి వెళ్లి "ఎన్ని మిషన్లు చేస్తారు?" అని అడగండి, "అన్నీ" అంటారు. మొహాలు వెలిగిపోతుంటాయి. మిషన్ అంటే టేబుల్ మీద రోబో చేయాల్సిన ఒక్కో పని. మ్యాచ్ రెండున్నర నిమిషాలు, అంటే 150 సెకన్లు. ఇంటి దగ్గర ఒక్కో మిషన్ ఒక్కోసారి పనిచేసింది కాబట్టి అన్నీ కలిపి అక్కడా పనిచేస్తాయని వాళ్ల లెక్క. మూడో ఏడాది టీమును అడిగితే కాసేపు ఆలోచించి, "ఆరు ఖాయం, ఏడోది పదిసార్లలో నాలుగుసార్లే వస్తోంది, అందుకని దాన్ని చివర్లో పెట్టాం" అంటారు. మిషన్ల సంఖ్య తగ్గింది, భరోసా పెరిగింది. మీరు అనుభవం ఉన్న పిల్లల నుంచి ఆశించాల్సింది ఈ జవాబు. కప్పు కాదు.

మా మొదటి సీజన్‌లో రోబో స్కూలు వరండాలో నల్లగీత పట్టుకుని తుమ్మెదలా వెళ్లేది. పోటీ హాల్లో పైనుంచి పెద్ద పెద్ద లైట్లు. కలర్ సెన్సర్‌కు తెలుపు, నలుపు చదివే అంకెలు అక్కడ మారిపోయాయి. రోబో గీత వదిలేసి పక్కకు పోయింది, మూడు మ్యాచ్‌లూ అంతే. పిల్లలు ఏడ్చారు. రెండో సీజన్‌లో హాల్లోకి అడుగుపెట్టగానే ఒక పిల్ల ఎవరూ చెప్పకుండానే రోబోను తెల్లచోట పెట్టి అంకె చూసింది, నల్లచోట పెట్టి అంకె చూసింది, ప్రోగ్రామ్‌లో మార్చుకుంది. అంతా కలిపి రెండు నిమిషాల పని. ఆ ఏడాది మాకు ఏ అవార్డూ రాలేదు. కానీ ఆ రెండు నిమిషాలు చూశాక, ఈ టీము ఎదిగిందని నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ధవళేశ్వరం దగ్గర గోదారి నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మీ చుట్టుపక్కల లంకల్లో ఉండేవాళ్లకు ఈ అంకెలు నోటికి వచ్చు. 1986 వరద చూసిన పెద్దాయన ఈ ఏడాది గోదారి రాదని అనుకోడు. వస్తుందనే అనుకుంటాడు. మొదటి హెచ్చరిక వినగానే గేదెల్ని గట్టు మీదికి తోలించి, బియ్యం మూట అటక మీద పెట్టించి, అప్పుడు కూర్చుని టీ తాగుతాడు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు మాత్రం మొదటిరోజు అసలు పట్టించుకోదు, మూడోరోజు బెంబేలెత్తిపోతుంది. అది ఆమె తప్పు కాదు, గోదారి లోపలికి రావడం ఆమె ఇంకా చూడలేదు. రోబో టీములో కూడా ఇంతే. కొత్త పిల్లలు రోబో పనిచేస్తుందని ఆశిస్తారు. పాతవాళ్లు అది ఎక్కడెక్కడ మొరాయిస్తుందో ముందే అనుకుని, స్పేర్ కేబుల్ జేబులో పెట్టుకుని వస్తారు.

అందుకని పిల్లలందరికీ ఒకే ఆశ పెట్టకండి.

రెండేసి సీజన్లు చూసిన ఆ ఇద్దరి నుంచి మీరు చాలా ఎక్కువ ఆశించండి, మొహమాటపడకండి. అయితే అది పాయింట్ల గురించి కాదు. వాళ్లు ఈ ఏడాది నేర్పాలి. అనుభవం ఉన్న పిల్లలున్న ప్రతి టీములోనూ ఒక జబ్బు ఉంటుంది, అది మీ దగ్గర మొదలైందో లేదో చూసుకోండి: పని వచ్చినవాడే అన్నీ చేసేస్తాడు, కొత్తవాళ్లు ముక్కలు అందిస్తూ, చార్జర్లు పెడుతూ, ఫోటోలు తీస్తూ ఏడాది గడిపేస్తారు. ఫలితం ఆ సంవత్సరం బాగానే కనిపిస్తుంది. మీ ఇద్దరు సీనియర్లూ తొమ్మిదో తరగతే అనుకుంటాను. వచ్చే ఏడాది వాళ్లూ పదికి వెళ్లిపోతారు. వాళ్లు ఒక్కళ్లే అన్నీ చేస్తే ఐదో సీజన్‌లో మీరు మళ్లీ సున్నా దగ్గర మొదలుపెట్టాలి. నేను ఒక పద్ధతి పెట్టాను, అది పనిచేసింది. రెండు వారాలపాటు సీనియర్లు రోబోను ముట్టుకోకూడదు. నోటితో చెప్పొచ్చు, ప్రశ్న అడగొచ్చు, చేతులు వెనక్కి పెట్టుకోవాలి. మొదటి మూడు రోజులు వాళ్లకు ప్రాణం పోయినట్టు ఉంటుంది. తర్వాత తమకు తెలుసనుకున్న వాటిలో సగం మాటల్లో చెప్పలేకపోతున్నామని వాళ్లకే తెలిసొస్తుంది. ఆ తెలియడం చాలా విలువైంది.

ఒక్క సీజన్ చేసిన పిల్లను కొంచెం ప్రత్యేకంగా చూసుకోండి. ఈ మధ్యలో ఉన్నవాళ్లే ఎక్కువ టెన్షన్ పడతారు. కొత్తదాన్నని చెప్పుకునే వీల్లేదు, సీనియర్ని అనే ధైర్యమూ ఉండదు. పైగా ఆ పిల్లకు తెలిసిన ఒక్క సీజనూ నేషనల్స్‌కి వెళ్లిన సీజన్. ఓడిపోయిన మ్యాచ్‌లు ఎక్కువ చూసి ఉండదు. టీము అంటే ఎప్పుడూ ఇలాగే ఉంటుందని అనుకుంటుంది. మొదటి ఏడాది రోబో సగం దూరంలో ఆగిపోయిన కథ ఆ పిల్లకు మీరు కూర్చోబెట్టి చెప్పండి, బస్సులో పాటలతో సహా.

ఇక కొత్త ఐదుగురు. వీళ్ల దగ్గర రెండు రకాల తప్పులు చేస్తాం. ఒకటి మీరు చేసింది. రెండోది దానికి ఎదురుది, ఆ తప్పు ఇంకా ఎక్కువమంది చేస్తారు: "పాపం కొత్తవాళ్లు, వాళ్లకేం తెలుసు" అని చిన్న పనులే ఇవ్వడం. ఇది కూడా అవమానమే. పిల్లలు దీన్ని బాగా కనిపెడతారు. రోబో గురించి వాళ్లకు అనుభవం లేకపోవచ్చు, బతుకులో వాళ్లకు ఉన్న అనుభవం మనకు ఉండదు. మా టీముకు భీమవరం వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, వాళ్ల నాన్న రొయ్యల చెరువుల ఏరేటర్లకు మోటార్లు రిపేరు చేస్తాడు. మా రోబో తిన్నగా వెళ్లమంటే ఎడమకు లాగేది. మా సీనియర్లు వారం రోజులు ప్రోగ్రామ్‌లో అంకెలు మార్చారు. ఈ కుర్రాడు రోబోను తలకిందులు చేసి, రెండు చక్రాలనీ వేలితో తిప్పి చూసి, "ఇది బిగుసుకుంది" అన్నాడు. చక్రం ఇరుసుకు తలవెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి. లాగి పారేస్తే రోబో తిన్నగా వెళ్లింది. అది అతని మొదటి వారం.

ఇంకో మాట. ఈ పోటీలో రోబో ఒక్కటే కాదని మీకు తెలుసు, సీజన్ అంశంలో ఒక సమస్యకు పరిష్కారం ఆలోచించి జడ్జీలకు చెప్పే ఇన్నోవేషన్ ప్రాజెక్టు కూడా ఉంది. 2024-25 సీజన్‌లో అంశం సముద్రం. అంతర్వేది, ఓడలరేవు, బియ్యపుతిప్ప చుట్టుపక్కల పల్లెల్లో వేటకు వెళ్లే ఇళ్ల పిల్లలకు సముద్రం గురించి ఎవరైనా ఏం నేర్పాలి? ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం ఎందుకో, గుడ్లు పెట్టే కాలంలో వల వేస్తే ఏమవుతుందో, ఆ రెండు నెలలు ఇల్లు ఎలా గడుస్తుందో, కోచ్‌కన్నా వాళ్లకే బాగా తెలుసు. ఏ సీజన్ అంశం ఏదైనా, కొత్త పిల్లల్లో ఎవరి ఇంట్లో దానికి దగ్గరి పని ఉందో మొదటి వారంలోనే అడిగి తెలుసుకోండి. రోబో దగ్గర వెనకబడిన పిల్ల జడ్జీల గదిలో అందరికన్నా ముందు ఉండొచ్చు.

సాంకేతికంగా కొత్తవాళ్ల నుంచి ఏం ఆశించాలంటే, నేను కొద్దిగానే చెబుతాను. చక్రాన్ని ఎన్ని సెకన్లు తిప్పాలో కాకుండా ఎన్ని డిగ్రీలు తిప్పాలో చెప్పడం నేర్చుకోవాలి, లేకపోతే బ్యాటరీ నిండుగా ఉన్న రోజు ఒక దూరం, తగ్గిన రోజు ఇంకో దూరం వెళ్తుంది. హబ్, అంటే రోబోను నడిపే చిన్న కంప్యూటర్, ఆన్ చేసేటప్పుడు రోబోను కదపకూడదు, కదిపితే మలుపు కొలిచే గైరో సెన్సర్ తప్పు చూపిస్తుంది. దారి తప్పుతోందనిపిస్తే గోడకు ఆనించి తిన్నగా చేసుకుని మళ్లీ బయల్దేరాలి. ఒక మిషన్‌ను వరసగా పదిసార్లు చేసి, ఎన్నిసార్లు వచ్చిందో నిజం రాయాలి. సంక్రాంతి లోపల ఇంత వస్తే చాలు. సంక్రాంతికి ఎలాగూ పది రోజులు పిల్లలు మీకు దొరకరు, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లొద్దని ఏ కోచ్ చెప్పినా వినరు. చెప్పకూడదు కూడా. ఆ పది రోజులు తీసేసి ప్లాన్ వేసుకోండి.

కరస్పాండెంట్ గారి విషయం. ఆయన మీద కోపం తెచ్చుకోకండి. ఆయన చూసింది మూడు అంకెలు: మొదటి ఏడాది ఏమీ లేదు, రెండో ఏడాది అవార్డు, మూడో ఏడాది నేషనల్స్. మెట్లు ఎక్కినట్టు కనిపిస్తున్నప్పుడు నాలుగో మెట్టు అడగడం ఎవరైనా చేసే పనే. ఆయనకు లేనిది టేబుల్ దగ్గర నిలబడిన అనుభవం. కాబట్టి ఒక సాయంత్రం ఆయన్ని ల్యాబ్‌కి పిలిచి, పిల్లలు మిషన్ చేస్తుండగా పక్కన నిలబెట్టండి. పదిసార్లలో ఆరుసార్లు రావడం అంటే ఏమిటో కళ్లతో చూడనివ్వండి. ఆ తర్వాత 12, 5 లెక్క కాగితం మీద చూపించండి. ర్యాంకు గురించి మాట ఇవ్వకండి, ఎందుకంటే అది మిగతా టీములు ఏం చేస్తాయన్న దాని మీద కూడా ఉంటుంది. మీ చేతిలో ఉన్నవాటికి మాట ఇవ్వండి: ప్రతి పిల్లా రోబో మీద ఒక భాగం స్వయంగా కట్టి, ప్రోగ్రామ్ రాసి, జడ్జీల ముందు దాని గురించి మాట్లాడుతుంది అని.

పోటీలో అన్నిటికన్నా పెద్దదైన ఛాంపియన్స్ అవార్డుకు చూసేటప్పుడు రోబో పాయింట్లు నాలుగింట ఒక వంతే, రోబో డిజైన్, ఇన్నోవేషన్ ప్రాజెక్టు, కోర్ వాల్యూస్ (టీము కలిసి పనిచేసే తీరు) మిగతా మూడూ అంతే బరువు అని కూడా ఆయనకు చెప్పండి. మీకు రెండో ఏడాది వచ్చిన బ్రేక్‌త్రూ అవార్డు ఎందుకిస్తారో కూడా గుర్తుచేయండి: సీజన్‌లో టీము తన నమ్మకంలోనూ పనిలోనూ ఎంత ముందుకు వచ్చిందో చూసి ఇస్తారు. అది గెలిచిన ఏడాది కూడా మీ లెక్క 5 దగ్గరే ఉంది. పెద్ద పిల్లల పోటీలో అయితే మొదటి ఏడాది టీములకు రూకీ ఆల్ స్టార్ అని విడిగా అవార్డే పెట్టారు. పోటీ పెట్టినవాళ్లే అనుభవాన్ని బట్టి చూడాలని ఒప్పుకున్నారు కదా, మనం ఒప్పుకోవడానికి ఏం అడ్డం?

నర్సాపురం వైపు టీచరు గారికి తప్పకుండా సాయం చేయండి. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. పోటీ పడుతూనే ఎదుటి టీమును గౌరవించి సాయపడటాన్ని ఈ పోటీల్లో గ్రేషస్ ప్రొఫెషనలిజం అంటారు, ఎంఐటీ ప్రొఫెసర్ ఉడీ ఫ్లవర్స్ దాన్ని ఈ పోటీలకు అలవాటు చేశారు. ప్రతి మ్యాచ్ దగ్గరా రిఫరీలు దీన్ని చూసి పాయింట్లు కూడా వేస్తారు. మీ మేనేజ్‌మెంట్‌కు ఈ మాట పనికొస్తే వాడుకోండి. అయితే పాయింట్ల కోసం సాయం చేయమని నేను చెప్పడం లేదు. మీరు టీము పెట్టిన మొదటి ఏడాది మీకు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో గుర్తు తెచ్చుకోండి, చాలు.

ఎలా చేయాలన్నదే ముఖ్యం. మీ ప్రోగ్రాములు వాళ్లకు ఇవ్వకండి. మేనేజ్‌మెంట్ వద్దంటోందని కాదు. ఇస్తే ఆ పిల్లల మొదటి ఏడాదిని మీరు తీసేసుకున్నట్టు అవుతుంది. కేబుల్ తారుమారై రోబో వెనక్కి పోయే అరగంట వాళ్లకు దక్కాలి. బదులుగా మీ సీనియర్లిద్దర్నీ కొత్తవాళ్లలో ఒకరినీ తీసుకుని ఒక ఆదివారం సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కండి. అక్కడ పిల్లలు చేస్తుంటే మీవాళ్లు చూడాలి, అడిగితేనే చెప్పాలి. ఆ టీచరు గారికి మీరు ఒక్క సలహా ఇవ్వండి: ఈ ఏడాది రోబో బయల్దేరి, ఒక పని చేసి, తిరిగి ఇంటి గీత దాటి వస్తే చాలు, పిల్లలంతా చివరిదాకా టీములో ఉంటే ఇంకా మంచిది. మీ మొదటి ఏడాదిలో ముగ్గురు ఎందుకు మానేశారో కూడా ఆమెకు నిజంగా చెప్పండి. అది మీ ఏ ప్రోగ్రామ్‌కన్నా ఆమెకు ఎక్కువ పనికొస్తుంది.

చివరగా ఒక పుస్తకం గురించి. కాలవల మీద లాకుల దగ్గర లస్కరు (నీళ్లు చూసుకునే మనిషి) మారినా రిజిస్టరు మారదు, నీళ్లు ఏ రోజు ఎంత ఉన్నాయో పాత మనిషి రాసిపెట్టి వెళ్తాడు, కొత్త మనిషి మొదటి రోజు దాన్ని తిరగేస్తాడు. మీ ఐదుగురు పదో తరగతి పిల్లలు వెళ్లిపోయినప్పుడు వాళ్లతో పాటు పది సీజన్లు కాదు, ఇప్పటికి పదిహేను సీజన్లు బయటికి వెళ్లాయి. వాళ్లు స్కూల్లోనే ఉన్నారు కదా. ఒక లంచ్ బ్రేక్‌లో వాళ్లని కూర్చోబెట్టి, ఒక్కొక్కరూ తాము చేసిన ఐదు తప్పులూ, వాటిని ఎలా కనిపెట్టారో రాయమనండి. ఒక లాంగ్ నోట్‌బుక్ చాలు. ఇంగ్లీషులో అక్కర్లేదు, తెలుగులో రాయనివ్వండి.

కేబుల్ తారుమారు చేసిన అమ్మాయి తిరిగి వచ్చాక, రెండు రంగుల స్టిక్కర్లు ఆమె చేతికి ఇవ్వండి. ఎడమ కేబుల్‌కూ దాని పోర్టుకూ ఒక రంగు, కుడివాటికి ఇంకో రంగు, అంటించే పని ఆమెదే. తర్వాత ఆ నోట్‌బుక్‌లో ఈ ఏటి మొదటి పేజీ కూడా ఆమెనే రాయమనండి, తేదీ వేసి, రోబో వెనక్కి ఎందుకు వెళ్లిందో బొమ్మ గీసి.